తాళానికి తెలియని యజమాని

చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో పాత ఫోన్ అమ్మబోతే ధర మాట రాకముందే ఒక ప్రశ్న వస్తుంది: "బిల్లు, బాక్స్ ఉన్నాయా?" ఉంటే ఒక రేటు, లేకపోతే ఇంకొక రేటు. ఫోన్ అదే, గాజు అదే, బ్యాటరీ అదే. తేడా అంతా ఆ వస్తువు ఎవరిదో చెప్పే కాగితం దగ్గరే. ఈ బజారులో నిజానికి రెండు సరుకులు అమ్ముడవుతున్నాయి. ఒకటి ఫోన్, రెండోది 'ఈ ఫోన్ నాదే' అని పదిమందిలో నిలబడి చెప్పగల హక్కు. మొదటిది కొని, రెండోది లేకుండానే ఇంటికి వెళ్లేవాళ్లు పాతబస్తీలో ఎంతోమంది. అలా వెళ్లక తప్పని బతుకులు వాళ్లవి. ఆ మనుషుల గురించే ఈ నాలుగు మాటలు.

పాత వస్తువుల బేరం ఈ ఊరికి కొత్త కాదు. పురానాపూల్ దగ్గర ప్రతి గురువారం సాగే జుమ్మెరాత్ బజార్‌లో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో మంచాలు, ఫ్యాన్లు, కుట్టుమిషన్లు, రేడియోలు, సైకిళ్లు ఏళ్ల తరబడి చేతులు మారుతూ వచ్చాయి. రసీదు రాసేవారూ లేరు, అడిగేవారూ లేరు. వస్తువు ఎవరి చేతిలో ఉంటే వాడే సొంతదారు. అమ్మేవాడి ముఖమే పూచీ.

చదువులేనివాళ్ల అమాయకత్వం కాదిది. మన చట్టం కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. ఒక వస్తువు ఎవరి స్వాధీనంలో ఉందో అతను దాని యజమాని కాదని ఎవరైనా అంటే, ఆ సంగతి రుజువు చేయాల్సిన భారం అన్నవాడి మీదే ఉంటుందని 1872 నాటి సాక్ష్య చట్టం 110వ సెక్షన్‌లో చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అదే సూత్రం 113వ సెక్షన్‌గా కొనసాగుతోంది. ఇంట్లో మంచానికి, బీరువాకు, మెడలో పుస్తెలకు బిల్లు దాచుకున్నవాళ్లు ఎందరుంటారు? కాగితం లేని ఇంటికి ఈ సూత్రమే పెద్ద అండ.

అదే చట్టంలో దానికి కాస్త ముందుకు వెళితే ఇంకో మాట కనబడుతుంది. దొంగతనం జరిగిన కొద్ది కాలానికే ఆ సొత్తు ఎవరి దగ్గరైనా దొరికి, అది తనకెలా వచ్చిందో అతను చెప్పుకోలేకపోతే, అతనే దొంగ అని గానీ, దొంగసొత్తని తెలిసే తీసుకున్నాడని గానీ కోర్టు భావించవచ్చు. పాత చట్టంలో 114వ సెక్షన్ కింద ఉదాహరణగా ఉన్న ఈ సంగతి ఇప్పుడు 119వ సెక్షన్‌లో ఉంది. చేతిలో ఉండటం మనిషిని కాపాడుతుంది. అదే చేతిలో ఉండటం మనిషిని బోనులోనూ నిలబెడుతుంది. ఈ రెండింటి మధ్య నిలిచేది ఒక్కటే, 'ఇది నాకెలా వచ్చిందంటే...' అని మొదలుపెట్టి చివరిదాకా చెప్పగలగడం.

ఫోన్‌ను చెరిపేసినా పాత ఖాతా వివరాలు ఇస్తే తప్ప తెరుచుకోని తాళం వచ్చాక ఆ మొదటి అండ పోయింది. ఫోన్ పట్టుకున్నవాడు యజమాని కాదనే ఆ తాళం ముందు అనుకుంటుంది. అవునని రుజువు చేసుకునే భారం పట్టుకున్నవాడిదే.

ఈ తాళం ఎందుకు పుట్టిందో మరిచిపోకూడదు. పన్నెండు, పదమూడేళ్ల క్రితం న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో, లండన్ వీధుల్లో ఫోన్ల కోసం మనుషులను కొట్టారు, పొడిచారు, కొన్నిచోట్ల ప్రాణాలే తీశారు. దోచిన ఫోన్‌ను చెరిపి కొత్తదిలా అమ్మడం సులువైనంత కాలం దోపిడీ ఆగదని, కంపెనీలే దాన్ని ఆపాలని అక్కడి అధికారులు పట్టుబట్టారు. 2013 సెప్టెంబరులో ఆపిల్ తన ఐఓఎస్ 7తో యాక్టివేషన్ లాక్ తెచ్చింది. 2014లో మిన్నెసోటా, కాలిఫోర్నియా రాష్ట్రాలు ఇలాంటి తాళం ఉండితీరాలని చట్టాలు చేశాయి. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో గూగుల్ కూడా అదే దారి పట్టింది. కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక అంచనా ప్రకారం అమెరికాలో 2013లో 31 లక్షల ఫోన్లు దొంగల పాలైతే, 2014లో ఆ సంఖ్య 21 లక్షలకు తగ్గింది. తాళం మనుషులను కాపాడింది. కాబట్టి తాళమే వద్దనే వాదం నాది కాదు.

మన ఇళ్లలో పెళ్లికి పెట్టే ఇత్తడి బిందెల మీద, స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించే అలవాటు ఉంది. పక్కింటికి వెళ్లిన గిన్నె ఆ పేరు చూసుకుని తిరిగి ఇల్లు చేరుతుంది. తల్లి పేరున్న గిన్నెను కూతురు వాడుకుంటుంది, మనవరాలూ వాడుకుంటుంది. ఎవరి పేరున్నా అన్నం ఉడుకుతుంది. ఫోన్ లోపల చెక్కిన పేరు అలా ఊరుకోదు. ఆ పేరుగల మనిషి వచ్చి విడిచిపెడితే తప్ప ఇంకొకరి చేతిలో పనిచేయనంటుంది. దొంగ విషయంలో అది న్యాయమే. కూతురి విషయంలోనూ అలాగే మొరాయిస్తే ఏం చేయాలి?

మా గల్లీలో బట్టలు కుట్టే ఒకామె ఉంది. ఇంటర్ చదివే కొడుకు కోసం ఆమె తన పాత ఫోన్‌ను బాగు చేయించాలనుకుంది. స్క్రీన్ లాక్ ప్యాటర్న్ గుర్తులేక పిల్లవాడు పక్కనున్న బటన్లు నొక్కిపట్టి మొత్తం చెరిపేశాడు. మళ్లీ ఆన్ చేస్తే అంతకుముందు వాడిన ఖాతా వివరాలు ఇవ్వమని అడిగింది. షాలిబండలో రిపేరు దుకాణానికి ఆమెతో నేనూ వెళ్లాను.

"గూగుల్ లాక్ పడ్డది అమ్మా. మొదట ఏ జీమెయిల్ పెట్టిన్రు?" అన్నాడు దుకాణదారు.

"జీమెయిల్ నాకేం ఎరుక భయ్యా. కొన్ననాడు దుకాణంల పిలగాడు పెట్టిండు."

"బిల్లుందా?"

"యాడనో పోయింది. గిది నాదే భయ్యా, నాలుగేండ్ల సంది నా చేతులనే ఉంది."

అతను ఫోన్‌ను తిప్పి చూశాడు. లాక్ తీయడం తనకు తెలుసన్నాడు. తీయనన్నాడు. "నీది కాదని అంటలేనమ్మా. కానీ అందరూ వచ్చి నాదే అంటరు. దొంగదో దొరదో నాకెట్ల తెలుస్తది? రేపు పోలీసులొస్తే నేనేం చెప్పాలె?"

ఆమెకు కోపం రాలేదు. అతని మాటలో తప్పు లేదని ఆమెకూ తెలుసు. ఆ గదిలో ముగ్గురం ఉన్నాం. ఫోన్ ఆమెదేనని ముగ్గురికీ నమ్మకమే. నమ్మనిది ఫోన్ ఒక్కటే. ఆమె కష్టం చేసి కొన్న వస్తువును తాను వాడుకోవడానికి, ఎవరో దుకాణం కుర్రాడు ఆ రోజు తొందరలో టైపు చేసిన అక్షరాలు కావాల్సి వచ్చాయి.

చాలా ఇళ్ల కథ ఇదే. మొదటి స్మార్ట్‌ఫోన్ కొన్నవాళ్లకు ఖాతా తెరిచి ఇచ్చేది అమ్మిన దుకాణమే. తోచిన పేరు పెడతారు, తోచిన పాస్‌వర్డ్ పెడతారు. కాగితం మీద రాసివ్వరు. ఫోన్ మాట్లాడుతుంది, వాట్సాప్ వస్తుంది, అంతటితో పని అయిపోయిందనుకుంటారు. యజమాని అంటే డబ్బు కట్టినవారని వాళ్ల లెక్క. తాళం లెక్కలో యజమాని అంటే పాస్‌వర్డ్ తెలిసినవాడు మాత్రమే. డబ్బు ఎవరు కట్టారో, ఎన్నేళ్లు వాడారో, ఎవరు ఎవరికిచ్చారో తాళానికి తెలియదు. తెలుసుకునే ఏర్పాటు కూడా దానికి లేదు.

గల్ఫ్ ఫోన్ల సంగతి ఇంకొకటి. బార్కస్, చాంద్రాయణగుట్టల నుంచి సౌదీకి, దుబాయ్‌కి వెళ్లినవాళ్లు, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి వెళ్లినవాళ్లు సెలవుకు వచ్చినప్పుడు తాము వాడిన ఫోన్ తమ్ముడికో, బావమరిదికో ఇచ్చి పోతారు. బిల్లు రియాద్ గదిలో ఉండిపోతుంది. ఉన్నా దాని మీద అన్న పేరే ఉంటుంది. ఆ తమ్ముడు ఎప్పుడో అవసరానికి ఫోన్ అమ్ముతాడు. కొన్నవాడు ఇంకొకరికి అమ్ముతాడు. మూడో చేతిలో తాళం పడుతుంది. ఇక్కడ దొంగ లేడు, మోసం లేదు. ఉన్నది ప్రేమగా ఇచ్చిన వస్తువు, దాని లోపల ఇంకా విడిచిపెట్టని పేరు. ఐఫోన్ అయితే ఆ అన్న రియాద్‌లో కూర్చునే ఐక్లౌడ్‌లోకి వెళ్లి తన ఖాతా నుంచి దాన్ని తీసేయవచ్చు. అది చాలామందికి తెలియదు. తెలిసేసరికి ఆ అన్న ఫోన్ నంబరే మారిపోయి ఉంటుంది.

ఇంటి పెద్ద చనిపోతే మిగిలిన ఫోన్‌ది మరింత బరువైన కథ. పొలానికి వారసుడెవరో తేల్చే పద్ధతి మనకుంది, బ్యాంకు ఖాతాకు నామినీ ఉన్నాడు. ఫోన్‌కు వారసుడని ఎవరినీ రాసుకోం. తాను పోయాక తన ఖాతా తెరవగల మనిషి పేరు ముందే రాసిపెట్టుకునే వీలు ఆపిల్ 2021 డిసెంబరులో ఇచ్చింది. దాన్ని వాడుకున్న ఇల్లు మన మధ్య ఒకటైనా ఉందో లేదో చూసుకోవాలి.

ఇంతవరకు చెప్పింది నిజాయితీ గల చేతుల గురించి. నిజంగా దొంగిలించిన ఫోన్ల కథలోనూ చివరికి నష్టపోయేది చాలాసార్లు పేదవాడే. కేంద్ర టెలికాం శాఖ తెచ్చిన సీఈఐఆర్ అనే నమోదు వ్యవస్థను తెలంగాణ పోలీసులు 2023 ఏప్రిల్ నుంచి వాడుతున్నారు. మే నెలలో అది దేశమంతటికీ వచ్చింది. ఫోన్ పోతే పోలీసులకు ఫిర్యాదు చేసి, ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే ఐఎంఈఐ నంబరు, బిల్లు, గుర్తింపు కార్డు వివరాలు అందులో పెడతారు. ఆ ఫోన్ ఇక దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయకుండా ఆపుతారు. ఎవరైనా అందులో సిమ్ వేస్తే ఆ కబురు పోలీసులకు చేరుతుంది. ఇలా పోయిన ఫోన్లను వెతికి ఇవ్వడంలో మన రాష్ట్రం దేశంలో ముందు వరసలో నిలిచింది. వేల మంది తమ ఫోన్లను తిరిగి చూసుకున్నారు. ఇది గర్వించాల్సిన పని.

ఆ సిమ్ వేసినవాడు ఎవరో కూడా ఆలోచించాలి. దొంగ తన పేరున ఉన్న సిమ్‌ను దొంగ ఫోన్‌లో వేసుకోడు. వేసుకునేది ఆటో నడిపేవాడు, గాజుల కొలిమి దగ్గర కూలి చేసేవాడు, కాలేజీకి వెళ్లే అమ్మాయి. నాలుగైదు వేలకు దొరికిందని సంబరపడి కొన్నవాళ్లు. ఒకరోజు స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది, తెచ్చి అప్పగించమంటారు. చట్టం ఈ విషయంలో నిక్కచ్చిగా ఉంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అమ్మేవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. ఎంత మంచి మనసుతో కొన్నా, ఎంత డబ్బిచ్చినా దొంగసొత్తు అసలు యజమానిదే. కొన్నవాడు తన డబ్బు అమ్మినవాడి నుంచి రాబట్టుకోవాలి. అదే చట్టం 14వ సెక్షన్, అమ్మే హక్కు తనకుందనే మాట ప్రతి అమ్మకంలోనూ దాగి ఉన్నట్టే లెక్కిస్తుంది. మాట నిలబెట్టమని ఎవరిని అడగాలి? అమ్మినవాడి పేరు తెలియదు, నంబరు లేదు, చీటీ లేదు. చట్టం ఇచ్చిన హక్కు కాగితం లేక చేజారిపోతుంది.

దొంగల దారి వేరు. తాళం తీయలేని ఫోన్‌ను విప్పి తెర వేరుగా, బోర్డు వేరుగా, కెమెరా వేరుగా అమ్ముతారు. ఆపిల్ 2024లో ఐఓఎస్ 18తో ఆ విడిభాగాలకూ తాళం వేయడం మొదలుపెట్టింది. కొందరు ఐఎంఈఐ నంబరునే మార్చేస్తారు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ ప్రకారం దానికి మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఇంకొందరు ఫోన్లనే సరిహద్దు దాటిస్తారు. 2024లో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఇక్కడ దోచిన ఫోన్లను సూడాన్ దాకా పంపుతున్నట్టు తేలింది. మన దేశపు జాబితాలో ఆగిన నంబరు అక్కడ ఆగదు. దొంగకు దారులున్నాయి, పనిముట్లున్నాయి, మనుషులున్నారు. తాళం ముందు నిస్సహాయంగా నిలబడేది బట్టలు కుట్టే ఆమె.

అందుకే నాకు తోచేది ఇది. మనం ఇంతకాలం అమ్మకమంటే వస్తువు ఇవ్వడం, డబ్బు తీసుకోవడం అనుకున్నాం. మంచం అమ్మితే మంచం వెళ్లిపోతుంది, దాంతోపాటు హక్కూ వెళ్లిపోతుంది. ఫోన్ అలా కాదు. ఫోన్ వెళ్లిపోయినా హక్కు అమ్మినవాడి దగ్గరే మిగిలి ఉంటుంది. అతను దాన్ని తెలిసి వదులుకోవాలి. అంటే అమ్మకంలో ఇంకో మెట్టు చేరింది. ఇది నాది కాదు, ఇక నీది అని అమ్మేవాడు తన చేత్తో తన పేరు తుడిచే మెట్టు. అది జరగనంత వరకు అమ్మకం పూర్తి కాలేదు, డబ్బు ఎంత చేతులు మారినా సరే. రుజువు గురించి మాట్లాడినప్పుడల్లా మనం కొనేవాడినే నిలదీస్తున్నాం: బిల్లేది, బాక్స్ ఏది, ఎవరి దగ్గర కొన్నావని. మొదట అడగాల్సింది అమ్మేవాడిని. తాళం చెవి అతని దగ్గరే ఉంది కాబట్టి బాధ్యతా అతనిదే.

ఆ తర్వాతి బాధ్యత దుకాణాలది. పాత ఫోన్ల వ్యాపారం చేసేవారు ఆ ఫోన్ ఐఎంఈఐ నిషేధిత జాబితాలో ఉందేమో సరిచూసుకునే అమ్మకాలు, కొనుగోళ్లు చేయాలని 2025 అక్టోబరులో సవరించిన టెలికాం సైబర్ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో పెద్ద దుకాణానికి ఇది పెద్ద పని కాదు. షాలిబండలో బల్ల వేసుకుని కూర్చున్నవాడికీ ఇది అందుబాటులో ఉండాలి, తెలుగులో, ఉర్దూలో ఉండాలి. రుజువు లేని ఫోన్ తాళం తీయనని కస్టమర్‌ను వదులుకున్న ఆ రిపేరు దుకాణదారును నేను చూశాను. అలాంటివాళ్లను అనుమానితుల్లా కాకుండా తోడుగా చూసుకుంటే పోలీసులకే మేలు.

కంపెనీలకూ ఒక బాధ్యత ఉంది. తాళం తీయడానికి అసలు కొనుగోలు బిల్లు కావాలంటారు. దుకాణం బిల్లు లేని ఇళ్లు దేశమంతా ఉన్నాయి. చాలాకాలంగా ఒకే ఆధార్ మీద తీసిన సిమ్ అదే ఫోన్‌లో ఉన్న సంగతి టెలికాం సంస్థల దగ్గర నమోదై ఉంటుంది. మనిషి ఒప్పుకుంటే అది కూడా రుజువుగా తీసుకునే పద్ధతి ఎందుకుండకూడదు? పాస్‌వర్డ్ తెలియడం యాజమాన్యానికి ఒక గుర్తు మాత్రమే. అదే యాజమాన్యం కాదు. సాక్ష్యం తూచడానికి మన చట్టానికి నూట యాభై ఏళ్ల అనుభవం ఉంది. యంత్రం చెప్పిందే తుది తీర్పు కావడం నాకు అన్యాయంగా కనిపిస్తోంది.

ఆ మార్పులు వచ్చేదాకా మన చేతిలో ఉన్న పనులు మనం చేద్దాం. ఫోన్ అమ్మేవారూ, ఇచ్చేవారూ! బటన్లు నొక్కి చెరపకండి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి గూగుల్ ఖాతానో, ఆపిల్ ఖాతానో తీసేసి, అక్కడి నుంచే రీసెట్ చేయండి. కొనేవారి ఎదుటే మళ్లీ ఆన్ చేసి, పాత పేరు అడగడం లేదని చూపించండి. ఒక తెల్లకాగితం మీద తేదీ, ధర, ఐఎంఈఐ నంబరు, మీ పేరు, ఫోన్ నంబరు రాసి సంతకం పెట్టి ఇవ్వండి. తమ్ముడికిచ్చినా ఇదే పద్ధతి పాటించండి.

కొనేవారూ! *#06# నొక్కితే పదిహేను అంకెల ఐఎంఈఐ కనబడుతుంది. బాక్స్ మీదున్న నంబరుతో అది కలుస్తోందో లేదో చూడండి. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, కొంచెం జాగా వదిలి ఆ నంబరు వేసి 14422కు మెసేజ్ పంపండి. నంబరు నిషేధిత జాబితాలో ఉన్నా, నకిలీదైనా జవాబులో తెలుస్తుంది. చీటీ రాయనన్నవాడి దగ్గర ఎంత చవకగా వచ్చినా కొనకండి.

ఇంట్లో చదువుకున్న పిల్లలూ! ఈ రాత్రే మీ అమ్మ ఫోన్‌లో ఏ ఖాతా ఉందో చూడండి. ఆమెకు తెలియని పేరైతే ఆమె పేరుతో మార్చండి. పాస్‌వర్డ్ ఒక పుస్తకంలో రాసి, బిల్లుతో కలిపి రేషన్ కార్డు పెట్టే చోట దాచండి. ఆమె డబ్బుతో కొన్న ఫోన్‌కు ఆమే యజమాని అని ఆ ఫోన్‌కు కూడా తెలియాలి.